మూడు సెకన్ల భోజనం

పేరిందేవమ్మ సంచి సూరాయమ్మ సర్దుతోంది. సర్దడమంటే, పెట్టినవి తీయడం, తీసినవి మళ్ళీ పెట్టడం. నాలుగు చీరలు, ఒక శాలువ, మోకాళ్ళకు రాసుకునే నూనె, కళ్ళజోడు, అది పగిలితే పనికొస్తుందని పాత కళ్ళజోడు, ఆవకాయ సీసా. సీసా మూతి మీద గుడ్డ కట్టి, దాని మీద ఇంకో గుడ్డ కట్టి, తలకిందులు చేసి చూసి, కారడం లేదని తేలాక కూడా నమ్మకం కుదరక పక్కన పెట్టింది.

“ఎన్నాళ్ళకని సర్దుతున్నావక్కా?” అంది పేరిందేవమ్మ గుమ్మంలో నిలబడి.

“కాయితంలో ఎన్నాళ్ళని రాశారు?”

“తదుపరి ఉత్తర్వుల వరకు అని.”

“అయితే రెండు శాలువలు పెడతాను,” అంది సూరాయమ్మ.

ఇద్దరూ తోటికోడళ్ళు. లంకపాలెం మెయిన్ రోడ్డుకు రెండో సందులో, పెంకుటింట్లో నలభై ఒక్క ఏళ్ళుగా కలిసే ఉన్నారు. పిల్లలు ఇద్దరికీ నిలవలేదు. మొగుళ్ళలో ఒకరు ఆసుపత్రికని, ఒకరు పొలానికని వెళ్ళి, ఇద్దరూ నలుగురి భుజాల మీద తిరిగొచ్చారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఒకరు చెప్పుల్లో కాళ్ళు పెడితే రెండోవారు “ఎక్కడికి, ఎంతసేపట్లో” అని అడగకుండా ఊరుకోరు. కూరల బండి దాకా వెళ్ళినా సరే.

ఇంతకీ ఈ ప్రయాణం పేరిందేవమ్మ వంట వల్ల వచ్చింది.

సూరాయమ్మకు పాలు పడవు. పెరుగు ముద్ద నోట పెడితే రెండు రోజులు మంచం దిగదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు దీన్ని గారం అన్నది. మరిది కొత్త పెళ్ళాంగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన పేరిందేవమ్మ మాత్రం ఏమీ అనలేదు. గిన్నెలు కడిగే నెపంతో పొయ్యి తన చేతిలోకి తీసుకుని, ఏడాదిలో పాలచుక్క ఆ వంటింటి గడప దాటకుండా చేసింది. ముద్దపప్పులోకి నెయ్యి బదులు గానుగ నువ్వుల నూనె వచ్చింది. పరమాన్నం కొబ్బరిపాలతో ఉడికింది. బొబ్బట్లు నూనె రాసిన విస్తరాకు మీద సాగాయి. ఎండల్లో మజ్జిగ బదులు నిమ్మకాయ పిండిన గంజి తాగారు. ఇంట్లో మగవాళ్ళకు ఏదో మారిందని తెలిసేసరికి మూడేళ్ళు పట్టింది. అప్పటికి వాళ్ళు ఒళ్ళు కూడా చేశారు. సూరాయమ్మ కూరలు తరిగేది. అంతకుమించి ఆమెకు వంట రాదు. అన్నం ఉడికిందో లేదో ఇప్పటికీ తోటికోడల్ని పిలిచి చూపిస్తుంది.

ఈ వంటకు వీగన్ అనే పేరుందని వాళ్ళిద్దరికీ మొన్న చైత్రంలో తెలిసింది. తెలిపింది క్షీరరహిత గృహభోజన ప్రోత్సాహక మండలి.

రాజధానిలో పెద్దలెవరికో పాలు మానేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉందట. పెద్దల ఒంటికి పడింది ప్రజల ఒంటికి పట్టించాలి కనుక మండలి పుట్టింది. పుట్టగానే దానికొక చిక్కు ఎదురైంది. పెరుగన్నం లేకపోతే తిన్నట్టే ఉండదని జనం అన్నారు. పాలు లేని భోజనం కడుపు నింపుతుందని నిరూపించాలి. నిరూపించాలంటే కొలవాలి. కొలవాలంటే కడుపు నిండడమంటే ఏమిటో తేల్చాలి. పదకొండుమంది నిపుణులు తొమ్మిది నెలలు కూర్చుని తేల్చారు: “భోక్త తన స్వేచ్ఛాపూర్వకమైన వాక్కుతో మొట్టమొదట ‘చాలు’ అని ఉచ్చరించిన క్షణమే సంతృప్తి క్షణము. ఆ క్షణము ఎంత త్వరగా సంభవించిన, ఆ భోజనము అంత పుష్టికరము.”

నిపుణులు పదకొండుమందీ ఆఫీసు క్యాంటీన్లో తినేవాళ్ళు. క్యాంటీన్లో మారు వడ్డించేవాళ్ళు ఉండరు కనుక ‘చాలు’ అనే మాట విని వాళ్ళకు చాలా ఏళ్ళయింది.

లంకపాలెంలో మొదటి ‘చాలు’కు కడుపుతో సంబంధం లేదు. గరిటె వంగకముందే ఆ మాట అనాలి. అది తినేవాడి మర్యాద. ఆ మాట విననట్టు గరిటె వంచాలి. అది పెట్టేదాని మర్యాద. రెండో ‘చాలు’కు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. ఆ వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తారు. మూడోసారి “అయ్యో, చాలండీ బాబూ” అని విస్తరి మీదకి వంగిపోతారు. అక్కడినుంచి అసలు భోజనం మొదలవుతుంది.

చైత్రంలో మండలి ఉపసంచాలకులు విశ్వపతి గారు పరీక్ష కోసం ఆ ఇంటికి వచ్చారు. వెంట స్టాప్‌వాచీ పట్టుకుని మండలి గుమాస్తా పాండురంగం. పాండురంగానిది అదే సందు. పాలు లేని వంట ఫలానా ఇంట్లో ఉందని పైకి రాసింది కూడా అతనే. మంచి జరుగుతుందనుకున్నాడు.

విశ్వపతి గారు పొద్దున ఎప్పుడో ఇడ్లీలు తిని బయలుదేరిన మనిషి. విస్తరి ముందు కూర్చునేసరికి ఒంటిగంట దాటింది. పనసపొట్టు కూర ఆవఘాటు గాలిలో తేలుతోంది. మామిడికాయ పప్పు మీద ఎండుమిరప పోపు ఇంకా చిటపటమంటోంది. పేరిందేవమ్మ మొదటి గరిటె కూర పట్టుకుని వంగింది. విశ్వపతి గారు ఎంత అధికారైనా ఒక తల్లి పెంచిన బిడ్డే.

“చాలు చాలమ్మా,” అన్నారు.

పాండురంగం స్టాప్‌వాచీ నొక్కాడు.

“మూడు సెకన్లు సార్.”

పేరిందేవమ్మ అలవాటు కొద్దీ గరిటె వంచబోయింది. పాండురంగం అడ్డం వచ్చాడు. “వద్దు పిన్నిగారూ. చాలన్నాక వడ్డిస్తే ఒత్తిడి కిందకి వస్తుంది. రూల్ పదిహేడు.”

“ఆయనేం తిన్నారని?” అంది సూరాయమ్మ తలుపు చాటునుంచి.

“తినడం వేరు, సంతృప్తి వేరు పెద్దమ్మగారూ,” అన్నాడు పాండురంగం, విస్తరి మడుస్తూ.

విశ్వపతి గారు ఆ విస్తరి వెళ్ళిన దిక్కే కాసేపు చూశారు. తరువాత గొంతు సవరించుకుని, “రాష్ట్ర సగటు నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. ఇది చరిత్రాత్మక ఘట్టం,” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కడుపులో ఏదో మూలిగింది. అది కొలతలోకి రాదు.

జిల్లా అంతటా పరీక్షలు జరిగాయి. మర్యాదస్తుల జిల్లా కావడాన సగటు తొమ్మిది సెకన్లు వచ్చింది. మండలి రంగుల పటాలు అచ్చువేసింది. తొమ్మిది సెకన్లలో నిండే కడుపులకు గంటసేపు వడ్డించడం ప్రజాధనం దుర్వినియోగమని ఎవరో నోట్ రాశారు. వసతిగృహాల్లో వడ్డన వేళ తొమ్మిది సెకన్లకు కుదించారు. ఒక పెళ్ళిలో మండలివారి ధ్రువీకరణ పొందిన విందు జరిగింది. మొదటి పంక్తిలో రెండు వందల మంది కూర్చున్నారు, మర్యాదగా చాలన్నారు, రెండు వందల విస్తళ్ళూ లేచిపోయాయి. రెండో పంక్తివాళ్ళు ఇది చూసి మూతులు బిగించి కూర్చున్నారు. ఆడపెళ్ళివారు “ఇంకో బూరె వేయించమంటారా” అని అడిగితే వాళ్ళ కళ్ళల్లోకి గుడ్లప్పగించి చూశారు తప్ప ఒక్కరూ పెదవి కదపలేదు. మాట్లాడలేదన్న కోపంతో వియ్యాలవారి మధ్య మాటలు ఆగిపోయాయి.

ఇవన్నీ పైకి చేరే లోపల పేరిందేవమ్మ పేరు పైకి చేరింది. కార్తీకంలో ఉత్తర్వు దిగింది. మూడు సెకన్ల భోజనం వండగల ఏకైక గృహిణి కనుక, ప్రజాప్రయోజనం దృష్ట్యా, ఆమెను రాజధానిలో ప్రధాన పాకశిక్షకురాలిగా నియమించారు. నివాసం మండలి ఇస్తుంది. వెంట రాదగిన కుటుంబసభ్యుల జాబితా ఫారంలో ఉంది: భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు.

“తోటికోడలికి గడి లేదు పిన్నిగారూ,” అన్నాడు పాండురంగం ఫారం తిరగేసి మరగేసి.

“నేను రానని రాయి.”

“దానికీ గడి లేదు.”

సంచి సర్దడం మొదలైంది ఆ రోజే.

మూడో రోజు పాండురంగానికి మనసు ఒప్పక మళ్ళీ వచ్చాడు. అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు. “ఒక దారుంది. అప్పీలు. మళ్ళీ పరీక్ష పెడతారు. మీ వంట కడుపు నింపదని తేలితే ఉత్తర్వు రద్దు. ఈసారి తినే మనిషిని మీరే ఎంచుకోవచ్చు.”

పేరిందేవమ్మ ముందు చెడగొట్టి వండాలనుకుంది. నమూనాగా ఆ రోజు పులుసులో ఉప్పు మానేసింది. పొయ్యి మీంచి దింపేలోపు చెయ్యి తనంతట తనే వేసేసింది. వంకాయ మాడ్చాలని పొయ్యి ముందు కూర్చుంది. మాడే వాసన రాబోతుంటే లేచి కలిపింది.

“నీ వల్ల కాదులేవే,” అంది సూరాయమ్మ కత్తిపీట ముందునుంచి. “నువ్వు బాగానే వండు. నేను తింటాను. చాలనను.”

“ఎంతసేపని అనవు? పిట్టంత తిండి నీది.”

“నువ్వు వెళ్ళిపోతే అదీ ఉండదుగా.”

పౌర్ణమి వెళ్ళిన మూడోనాడు పరీక్ష. విశ్వపతి గారు గోడకు ఆనించిన కుర్చీలో కూర్చున్నారు. పరీక్షాధికారి పరీక్షాస్థలంలో ఏమీ తినరాదు కనుక ఆయన చేతిలో మంచినీళ్ళ సీసా మాత్రమే ఉంది. కిటికీ దగ్గర సందులోని ఆడవాళ్ళు. విస్తరి ముందు సూరాయమ్మ, ఎముకల మీద చీర కట్టినట్టు ఉండే మనిషి, కొంగు నడుముకు దోపి కూర్చుంది.

పదకొండింటికి మొదలైంది. గోంగూర పప్పు, కంద బచ్చలి, చిక్కుడుకాయ ఇగురు, గుమ్మడికాయ దప్పళం, కొత్త ఉసిరి పచ్చడి, కొబ్బరి అన్నం, గారెలు, పూర్ణం బూరెలు, కొబ్బరిపాలలో ఉడికిన తాలికలు. పేరిందేవమ్మ పదిమందికి సరిపడా వండింది.

“ఇంకొంచెం వేయనా అక్కా?”

“వెయ్యి.”

పన్నెండింటికి పప్పు గిన్నె సగమైంది. ఒంటిగంటకు సూరాయమ్మ దప్పళంలో ముక్కలు ఏరుకుని తింటోంది, కాలం గడపడానికి. “ముక్కలు వేరు చేయుట సంతృప్తి సూచన అగునా?” అని విశ్వపతి గారు నోట్ పుస్తకంలో రాసుకున్నారు. రెండింటికి ఆమె వీపు గోడకు ఆనింది. కిటికీలోంచి ఎవరో, “సూరమ్మత్తా, నడుం వాల్చి తిను, తప్పులేదు,” అన్నారు. పాండురంగం రూల్ పుస్తకం చూసి, తప్పులేదన్నాడు.

బూరెల దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పేరిందేవమ్మ వడ్డించే నెపంతో చెవి దగ్గరకు వంగింది.

“ఆపెయ్యక్కా. నేను వెళ్ళొస్తాలే.”

“ఈ ఇంట్లోంచి వెళ్ళొస్తానన్నవాళ్ళని చూశాంలే,” అంది సూరాయమ్మ. “బూరె వెయ్యి.”

ఎనిమిదో బూరె దగ్గర ఆమె నోరు తెరిచింది. పాండురంగం వేలు స్టాప్‌వాచీ మీదకు వెళ్ళింది. కిటికీలో గాజుల చప్పుడు ఆగిపోయింది. విశ్వపతి గారు ముందుకు వంగారు. సూరాయమ్మ ఆ నోట్లో ఇంకో బూరె పెట్టుకుని నమలడం మొదలెట్టింది.

నాలుగూ పదికి పేరిందేవమ్మ తాలికల గిన్నె వంచి, గరిటెతో అడుగు గీకి, గిన్నెను సభకు చూపించింది.

“అయిపోయిందండి.”

“నాకు ఇంకా కావాలి,” అంది సూరాయమ్మ గోడకు ఆని, కళ్ళు మూసుకుని.

విశ్వపతి గారు లేచి నిలబడి చదివారు. “అయిదు గంటల పది నిమిషాల నిరంతర వడ్డన అనంతరం భోక్త ‘చాలు’ అని ఉచ్చరించలేదు. కావున శ్రీమతి పేరిందేవమ్మ గారి వంట కడుపు నింపునది కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఉత్తర్వు రద్దు.”

నలభై ఏళ్ళుగా తన చేతి అన్నం తిన్న ఇంట్లో నిలబడి, తన వంట కడుపు నింపదన్న కాయితాన్ని పేరిందేవమ్మ రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. సూరాయమ్మకు వాము నీళ్ళు పట్టింది. ఆ సాయంత్రమే చీరలు బీరువాలోకి, ఆవకాయ అటక మీదకి వెళ్ళాయి. రెండు రోజులు సూరాయమ్మ ఎడంపక్కకే తిరిగి పడుకుంది. మూడో రోజు లేచి, “తాలికల్లో బెల్లం ఒక పిసరు తగ్గింది,” అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

మార్గశిరం రాగానే జీపు వచ్చింది.

విశ్వపతి గారు ఈసారి దండ తెచ్చారు. తొమ్మిది సెకన్ల వ్యవహారం శాసనసభ దాకా వెళ్ళిందట. వసతిగృహాల వాళ్ళు చిక్కిపోయారట. లోపం ఎక్కడుందో మళ్ళీ పదకొండుమంది నిపుణులు కూర్చుని కనిపెట్టారట. నిర్వచనంలో లోపం లేదు. తినేవాళ్ళలో ఉంది. వాళ్ళు మర్యాదస్తులు.

“అమ్మా,” అన్నారు విశ్వపతి గారు అరుగు మీదే నిలబడి, “బరువుకు కిలో రాయి ఉంది. పొడవుకు మీటరు కడ్డీ ఉంది. సంతృప్తికి ఏముంది? నిన్నటి దాకా ఏమీ లేదు. ఈనాడు సూరాయమ్మ గారున్నారు. మర్యాద కోసం ‘చాలు’ అనని ఏకైక నోరు. వీరిని మండలి ప్రామాణిక భోక్తగా నియమించింది. ఇకపై రాష్ట్రంలో ప్రతి వంటా వీరి ముందు నిరూపించుకోవలసిందే.”

పేరిందేవమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. సూరాయమ్మ ఆమెను దాటుకుని ముందుకు వచ్చింది.

“చాలు బాబూ,” అంది. “ఇదిగో, చాలు. నాకు చాలు. ఎన్నిసార్లు అనమన్నా అంటాను. చాలు, చాలు.”

“ప్రస్తుతం మీరు భోజనం చేయుట లేదు,” అన్నారు విశ్వపతి గారు మెత్తగా. “ఈ చాలు పరిగణనలోకి రాదు.”

“అయితే కూర్చోండి బాబూ. మా పేరిందేవి వడ్డిస్తుంది, మీ ముందే అంటాను.”

“నియామకం అయిపోయినదమ్మా. ప్రామాణిక భోక్తకు అనధికార భోజనం నిషిద్ధం. కొలమానం చెడుతుంది.”

“పోనీ, నేనూ వెంట వస్తాను,” అంది పేరిందేవమ్మ. “తోటికోడలిగా గడి లేకపోతే వంటమనిషిగా రాసుకోండి. ఆవిడకు నేను వండి పెడతాను. ఇంకెవరి చేతిదీ ఆవిడకు పడదు. పాలు తగిలినా పడదు.”

విశ్వపతి గారు పాండురంగం వైపు చూశారు. పాండురంగం నేల వైపు చూస్తూ చెప్పాడు. “పిన్నిగారి వంట కడుపు నింపదని మనమే ధ్రువీకరించాం సార్. అలాంటివారిని మండలి వంటశాలలోకి రానివ్వకూడదు. రూల్ ముప్పై ఒకటి.”

“ఆ కాయితం చింపేస్తాను.”

“అసలు ప్రతి మా దగ్గరుందమ్మా,” అన్నారు విశ్వపతి గారు.

వేసుకోవడానికి సూరాయమ్మకు చెప్పులు దొరకలేదు. పేరిందేవమ్మే వెతికి తెచ్చి, వంగి, కాళ్ళ ముందు పెట్టింది. ఎక్కడికని, ఎంతసేపట్లో అని ఆ రోజు అడగలేదు. జీపు సందు మలుపు తిరిగాక లోపలికి వచ్చి పొయ్యి ఆర్పింది.

ఆదివారాలు పాండురంగం ఫోన్లో మాట్లాడించేవాడు.

“ఏం పెట్టారక్కా ఇవాళ?”

“నాలుగు జిల్లాల భోజనాలు. పొద్దున రెండు, సాయంత్రం రెండు.”

“పాలు కలపట్లేదు కదా?”

“లేదే. పాలొక్కటే లేవు. మిగతావన్నీ ఉన్నాయి.”

“చాలనెయ్యరాదూ?”

“అన్నానే. అంటే మహా సంతోషించి రాసుకుంటారు. రాసుకుని, ఆ విస్తరి తీసి, తరువాతి వాళ్ళది తెచ్చి వేస్తారు. అనకపోతే అదే విస్తట్లో వేస్తారు.”

“నిద్ర పడుతోందా?”

“ఎడంపక్కకి తిరిగితే పడుతుంది.”

పేరిందేవమ్మ ఆరు అర్జీలు రాసింది. ఆరింటికీ జవాబు వచ్చింది, మండలి జవాబుల విషయంలో చాలా కచ్చితం. కిలో రాయిని ఇంటికి పంపమని ఎవరూ అడగరని మొదటి జవాబులో సోదాహరణంగా వివరించారు. తక్కిన అయిదింటిలో మొదటి జవాబు చూడమన్నారు.

మరుసటి ఏడాది చివర మండలిని రద్దు చేశారు. పెద్దలకు ఇప్పుడు చిరుధాన్యాలు పడుతున్నాయట. విశ్వపతి గారిని చిరుధాన్యాలకు మార్చారు. పాండురంగాన్ని రిజిస్ట్రారు ఆఫీసుకు మార్చారు. స్టాప్‌వాచీలు కలెక్టరు ఆఫీసు బీరువాలోకి చేరాయి. సూరాయమ్మను విడుదల చేయాలంటే కొలమానాల శాఖ ఒప్పుకోవాలని, ఆ ఫైలు కదిలిందని పాండురంగం చెప్పాడు.

సూరాయమ్మ తిరిగి రాలేదు. జీపెక్కిన పద్నాలుగు నెలలకు, మాఘ శుద్ధ ఏకాదశి నాడు, బుధవారం, అక్కడే పోయింది.